కూరగాయల చీటీ

కూరగాయల చీటీ అనగా, తిండికి ఇబ్బంది పడుతున్న కుటుంబాలలోని రోగులకు వైద్యులు మందుల చీటీ వ్రాసినట్లే తాజా పండ్లకు, కూరగాయలకు చీటీ వ్రాసి ఇచ్చే పద్ధతి. ఆంగ్లములో దీనిని ప్రొడ్యూస్ ప్రిస్క్రిప్షన్ అంటారు. రోగి ఈ చీటీని నిర్ణయించిన అంగడిలోగాని, రైతుల సంతలోగాని చూపి సరకు తీసుకొంటాడు. ఖర్చును ప్రభుత్వమో, ధార్మిక సంస్థయో, ఆసుపత్రియో భరిస్తుంది. ఈ పద్ధతి 21వ శతాబ్దములో ముఖ్యముగా అమెరికాలో వ్యాప్తి చెందినది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దీనికి దగ్గరి బంధువులని చెప్పదగిన పథకాలు వేరే పేర్లతో ఉన్నవి. క్షయ రోగులకు ఇచ్చే పోషణ భత్యము, గర్భిణులకు అంగన్‌వాడీలో పెట్టే భోజనము, పోషకాహార లోపముతో చిక్కిపోయిన పిల్లలకు ఆసుపత్రిలో ఇచ్చే ఆహార చికిత్స వీటిలో ముఖ్యమైనవి. అయితే ఇంటికి ఇచ్చే సరకులలో బియ్యానికి, పప్పుకు, గ్రుడ్డుకు, పాలకు దక్కిన స్థానము ఆకుకూరకు, పండుకు దక్కలేదు.

పథ్యము, చీటీ

తెలుగువారికి వైద్యుడు ఆహారాన్ని నిర్దేశించుట కొత్త కాదు. ఆయుర్వేద వైద్యములో మందుతో పాటు పథ్యము తప్పనిసరి. కాని వాడుకలో పథ్యము అంటే ఎక్కువగా తినకూడని వాటి జాబితాగానే మిగిలినది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పులుపు తగ్గించాలి అనుట వినబడినంతగా, తినవలసినది ఎక్కడ నుండి తెచ్చుకోవాలి అన్న మాట వినబడదు. నేటి ఆసుపత్రులలో ఈ స్థానాన్ని "బలమైన ఆహారము తినాలి" అనే సలహా ఆక్రమించినది. సలహా సరియైనదే. కూలి దొరికిన రోజున మాత్రమే పొయ్యి వెలిగే ఇంటిలో అది ఆచరణకు వచ్చే అవకాశము మాత్రము తక్కువ. ఈ సలహాకు కొనుగోలు శక్తిని జతచేయుటయే కూరగాయల చీటీ ఉద్దేశ్యము.

ఆహారానికి, ఔషధానికి మధ్య గీత ఎంత సన్ననిదో చెప్పుటకు తెలుగు శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే ఉదాహరణ. 1895లో భీమవరములో జన్మించిన సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. తరువాతి కాలములో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వములోని బృందము ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమముగా తయారుచేసినది (1945). స్ప్రూ వలన కలిగే రక్తహీనతకు అది మందైనది. ఫోలిక్ అనే పేరు ఆకు అనే అర్థము గల లాటిన్ పదము నుండి వచ్చినది. 1941లో ఈ పదార్థాన్ని మొదట వేరుచేసినది పాలకూర జాతి ఆకుకూర నుండియే. నేడు గర్భిణులకు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లము కూడ ఉంటుంది. మాత్ర ఉచితము, ఆకు మాత్రము అంగడి ధరకు!

పుట్టుక

దక్షిణాఫ్రికాలోని ఫోలేలా అనే గ్రామీణ ప్రాంతములో 1940లో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే వైద్య దంపతులు ఒక ఆరోగ్య కేంద్రాన్ని స్థాపించి, చికిత్సతో పాటు కూరగాయల తోటల పెంపకాన్ని కూడ ప్రోత్సహించారు. అక్కడ కొంతకాలము పనిచేసి నేర్చుకున్న అమెరికా వైద్యుడు జాక్ గైగర్, 1960ల చివరలో మిసిసిపీ రాష్ట్రములోని మౌండ్ బయూ అనే ఊరిలో పేద నల్లజాతి వ్యవసాయ కూలీల కొరకు ఆరోగ్య కేంద్రము నడిపాడు. అక్కడికి వచ్చే పిల్లలలో చాలామందికి అసలు వ్యాధి ఆకలియే అని గుర్తించి, వైద్యులు పాలు, మాంసము, కూరగాయలు అని చీటీలు వ్రాయసాగారు. స్థానిక దుకాణదారులు ఆ చీటీలకు సరకు ఇచ్చి, బిల్లును ఆరోగ్య కేంద్రపు మందుల పద్దుకు పంపేవారు. నిధులిచ్చే ప్రభుత్వాధికారులు దీనికి అభ్యంతరము చెప్పారు. వైద్య గ్రంథాల ప్రకారము పోషకాహార లోపానికి నిర్దిష్టమైన చికిత్స ఆహారమేనని గైగర్ సమాధానమిచ్చాడు. అదే ప్రాంతములో 1968లో ఏర్పడిన రైతుల సహకార సంఘము ఈ కుటుంబాలు తమ కూరగాయలను తామే పండించుకొనే ఏర్పాటు చేసినది. గైగర్ 2020లో మరణించాడు.

నేటి రూపములోని పథకాలు 2010 నుండి మొదలైనవి. వోల్‌సమ్ వేవ్ అనే అమెరికా ధార్మిక సంస్థ, కుటుంబములో ఒక్కొక్కరికి రోజుకు ఒక డాలరు లెక్కన పండ్లు, కూరగాయల చీటీలు ఇచ్చే పథకాన్ని ఆరంభించినది. 2018లో చేసిన అమెరికా వ్యవసాయ చట్టము ఇటువంటి పథకాలకు కేంద్ర నిధులు కేటాయించినది. బ్రిటనులో అలెగ్జాండ్రా రోజ్ ధార్మిక సంస్థ 2022లో లండనులోని రెండు పేటలలో ఇటువంటి ప్రయోగము ప్రారంభించినది.

పనిచేయు విధానము

సాధారణముగా ఆసుపత్రికి వచ్చిన రోగిని రెండు చిన్న ప్రశ్నలు అడుగుతారు. గడచిన 12 నెలలలో, మళ్ళీ డబ్బు చేతికి వచ్చేలోగా ఇంటిలో తిండి అయిపోతుందేమోనని దిగులు పడిన సందర్భము ఉన్నదా, కొన్న తిండి నిజముగానే చాలక కొనుటకు డబ్బు లేకపోయిన సందర్భము ఉన్నదా అనునవి ఆ ప్రశ్నలు. అవునన్నవారికి మధుమేహము, రక్తపోటు, రక్తహీనత వంటి జబ్బు కూడ ఉన్నచో, లేదా ఇంటిలో గర్భిణి, పసిబిడ్డ ఉన్నచో చీటీ ఇస్తారు. కాలపరిమితి కొద్ది నెలల నుండి ఒక సంవత్సరము వరకు ఉంటుంది. చీటీ కాగితపు కూపను కావచ్చును, బ్యాంకు కార్డు వంటిది కావచ్చును. ప్రతి నెల తిరిగి ఆసుపత్రికి వచ్చినపుడు బరువు, రక్తపోటు చూచి తరువాతి నెల చీటీ ఇచ్చుట వలన రోగి చికిత్స మధ్యలో మానకుండుట ఇందులోని అదనపు లాభము.

రోగి ఒక్కడికే సరిపడ సరకు ఇచ్చే పథకాలు ఎక్కువగా విఫలమవుతాయి. తల్లికి వ్రాసిన పండు బిడ్డకు పోతుంది. ఏ తల్లియు దానికి భిన్నముగా చేయదు. కనుక కుటుంబములోని తలలను లెక్కించి చీటీ విలువ నిర్ణయించుట ఉత్తమ పద్ధతి.

ఫలితాల విషయములో అభిప్రాయభేదము ఉన్నది. అమెరికాలోని 22 కేంద్రాలలో జరిగిన పథకాలను కలిపి 2023లో ప్రకటించిన పరిశీలనలో పెద్దలు రోజుకు తినే పండ్లు, కూరగాయలు సుమారు 0.85 కప్పు పెరిగినట్లు, ఆహార అభద్రత చెప్పుకోదగినంత తగ్గినట్లు తేలినది. అయితే అందులో పోల్చి చూచుటకు చీటీ అందని వర్గము లేదు. అదే సంవత్సరము డిసెంబరులో వెలువడిన మరొక అధ్యయనములో మధుమేహ రోగులను చీట్లు వేసి రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి కుటుంబమంతటికి వారానికి పది పూటల ఆరోగ్యకరమైన సరకు ఇచ్చారు. ఆరు నెలలలో వారి మూడు నెలల సగటు చక్కెర సూచిక 1.5 పాయింట్లు తగ్గగా, ఏమీ ఇవ్వని వర్గములో కూడ 1.3 పాయింట్లు తగ్గినది. అనగా తేడా లెక్కకు రానంత స్వల్పము. ఈ ఫలితాన్ని బట్టి కూరగాయలు నిష్ప్రయోజనమని చెప్పరాదు. మందులు, వైద్య పర్యవేక్షణ ఉభయులకు అందుతున్నపుడు ఆరు నెలల సరకు ఒక్కటే చక్కెరను దించజాలదని మాత్రమే తెలుస్తున్నది. ఆకలి తీరుట చక్కెర సూచికలో కనబడే విషయము కాదు.

క్షయవ్యాధి, ఆహారము

భారతదేశములో వైద్యానికి, ఆహారానికి ముడి అన్నిటికంటె గట్టిగా పడినది క్షయవ్యాధి విషయములోనే. మందులు లేని రోజులలో క్షయకు విశ్రాంతి, గాలి, పుష్టికరమైన తిండి ఇవే చికిత్స. మదనపల్లె సమీపములోని ఆరోగ్యవరము శానిటోరియము 20వ శతాబ్దపు రెండవ దశకము నుండి ఈ పద్ధతికి దక్షిణ భారతమంతట ప్రసిద్ధి చెందినది. 1950లలో మందులు వచ్చిన తరువాత మద్రాసులో ఒక ప్రసిద్ధ అధ్యయనము జరిగినది. శానిటోరియములో మంచి తిండితో ఉన్న రోగులు, ఇంటివద్ద తక్కువ తిండితో ఉండి అవే మందులు వాడిన రోగులు దాదాపు సమానముగా కోలుకున్నారని 1959లో ప్రకటించారు. పేదలకు ఇది మేలు చేసినది. ఇల్లు వదలి నెలల తరబడి శానిటోరియములో ఉండవలసిన అవసరము తప్పినది. కాని దీనితో పాటే క్షయ చికిత్స నుండి ఆహారము మెల్లగా జారిపోయినది.

అది తిరిగి రావడానికి దాదాపు 60 సంవత్సరాలు పట్టినది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము నిక్షయ్ పోషణ్ యోజన పేరిట, నమోదైన ప్రతి క్షయ రోగికి చికిత్స కాలములో నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేయుట ఆరంభించినది. 2024 నవంబరు నుండి ఈ మొత్తాన్ని 1000 రూపాయలకు పెంచారు. 2022 సెప్టెంబరులో దాతలు రోగులను దత్తత తీసుకొని నెలనెలా సరకుల బుట్ట ఇచ్చే నిక్షయ్ మిత్ర ఏర్పాటు మొదలైనది. 

ఆహారము రోగికే కాక ఇంటిల్లిపాదికి ఇస్తే ఏమవుతుందో ఝార్ఖండ్‌లో 2019-2022 మధ్య జరిగిన రేషన్స్ అనే అధ్యయనము చూపినది. 2,800 మంది రోగులకు, వారి ఇళ్ళలోని పదివేల పైచిలుకు మందికి సంబంధించిన ఈ అధ్యయనములో రోగులందరికీ సరకులు ఇచ్చారు. ఒక వర్గములో ఇంటివారికి కూడ నెలకు మనిషికి 5 కిలోల బియ్యము, ఒకటిన్నర కిలో పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ సోకుట 39 శాతము, కఫ పరీక్షలో నిర్ధారణ అయ్యే రకము 48 శాతము తగ్గినది. 2023లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడినవి. 2024 అక్టోబరులో సరకుల బుట్టను రోగుల కుటుంబ సభ్యులకు కూడ ఇవ్వాలని కేంద్రము నిర్ణయించినది. ఆహారము వైద్యములో భాగమనుటకు భారతదేశములో ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదని చెప్పవచ్చును.

అయితే మిత్ర బుట్టలోని వస్తువులు గమనింపదగినవి. పెద్దవారికి నెలకు 3 కిలోల ధాన్యము, ఒకటిన్నర కిలో పప్పు, 250 గ్రాముల నూనె, పాలపొడి లేక పాలు లేక వేరుశనగ, వీలైతే 30 గ్రుడ్లు. నిల్వ ఉండని కూరగాయ, పండు ఇందులో లేవు. బుట్ట నెలకొకసారి చేరుతుంది కనుక ఉండుటకు వీలు కూడ లేదు. అంగడిలో చెల్లే చీటీ ఈ చిక్కును దాటగలదు. ఏ రోజు ఏది తాజాగా ఉంటే అది రోగియే ఏరుకుంటాడు.

తల్లులు, పిల్లలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 సంవత్సరాల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతము, ఆంధ్ర ప్రదేశ్‌లో 58.8 శాతము. ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలలో ఇది ఇంకను ఎక్కువ: తెలంగాణలో 70 శాతము, ఆంధ్ర ప్రదేశ్‌లో 63.2 శాతము.

ఉమ్మడి రాష్ట్రములో 2013లో మొదలైన అమృత హస్తము పథకము, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట పూర్తి భోజనము పెట్టే ఆలోచనకు నాంది. తెలంగాణలో 2015 జనవరి 1 నుండి ఇది ఆరోగ్య లక్ష్మి అయినది. అన్నము, ఆకుకూర పప్పు లేక సాంబారు, కూర, ఉడికించిన గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇందులో ఉంటాయి. భోజనము అక్కడే తినుట వలన అది తల్లికే చేరుతుంది. ఇనుము మాత్ర కూడ అక్కడే మ్రింగిస్తారు. కూరగాయల చీటీలోని "తల్లి పండు బిడ్డకు పోవు" సమస్యకు ఇది చక్కని పరిష్కారము. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో సంపూర్ణ పోషణ, 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ ప్రారంభమైనవి.

వైద్య పరీక్షకు ముడిపెట్టిన మరొక ప్రయత్నము 2022 డిసెంబరులో తెలంగాణలోని 9 జిల్లాలలో మొదలైన పోషకాహార కిట్. రక్తహీనత ఎక్కువగా ఉన్న జిల్లాలను ఎన్నుకొని, గర్భిణులు పరీక్షకు వచ్చినపుడు రెండు విడతలుగా ఖర్జూరము, నెయ్యి, పోషక పానీయపు పొడి, ఇనుము సిరప్ ఇచ్చారు. పద్ధతిని బట్టి చీటీకి ఇది మిక్కిలి దగ్గర. వస్తువులు మాత్రము డబ్బాలలోనివే.

వైద్యుడు ఆహారాన్ని అక్షరాలా మందుగా వ్రాసే చోటు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో ఉన్న పోషకాహార పునరావాస కేంద్రము. తీవ్రముగా చిక్కిపోయిన పిల్లలను ఇక్కడ చేర్చుకొని, బరువును బట్టి మిల్లీలీటర్ల లెక్కన పాల ఆధారిత ఆహారము ఇస్తారు. తల్లికి వంట నేర్పుతారు. బిడ్డ ఇంటికి వెళ్ళిన తరువాత తల్లి నేర్చుకున్న వంటకు కావలసిన సరకు ఎక్కడిదన్నది ఆసుపత్రి పరిధికి బయటి ప్రశ్న. పెద్దల ఆసుపత్రులలో కూడ ఇంతే. 2022లో తెలంగాణ ప్రభుత్వము ఆసుపత్రి భోజనానికి రోగికి రోజువారీ మొత్తాన్ని 40 నుండి 80 రూపాయలకు, క్షయ, మానసిక, క్యాన్సరు రోగులకు 56 నుండి 112 రూపాయలకు పెంచినది. రోగి ఇంటికి పంపబడిన రోజుతో ఆ భోజనము ఆగిపోతుంది.

బియ్యము చౌక, కూర ప్రియము

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యము తెలుగు నేలపై ఆకలి స్వరూపాన్నే మార్చినది. 2013 ఆహార భద్రతా చట్టము తరువాత, ముఖ్యముగా 2023 జనవరి నుండి, రేషను బియ్యము ఉచితము. తెలంగాణలో 2025 ఉగాది నుండి మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఇస్తున్నారు. కడుపు నిండుటకు కావలసినది ప్రభుత్వ బాధ్యత అయినది, రక్తము పట్టుటకు కావలసినది కొనుక్కొనువాని బాధ్యతగానే ఉన్నది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ లోటును చాలాకాలముగా చెబుతున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగముగా పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. జొన్న తినే తెలంగాణ పేదలలో కనబడిన పెల్లాగ్రా వ్యాధిపై సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య చేసిన పరిశోధన 1960లో వెలువడినది. ఒకే ధాన్యముపై ఆధారపడిన పళ్ళెము రోగానికి దారితీయునని అది గుర్తుచేసినది. 2024 మే నెలలో ఈ సంస్థ ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారము రోజుకు 2000 కేలరీల పళ్ళెములో ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. అనగా కూర బరువు ధాన్యపు బరువుకంటె ఎక్కువ. పేదల పళ్ళెము సరిగ్గా దీనికి తలక్రిందులు. హైదరాబాదులో 2014 మార్చిలో మొదలైన అయిదు రూపాయల భోజనములో 450 గ్రాముల అన్నానికి 100 గ్రాముల కూర, 120 గ్రాముల సాంబారు. ఎందరో కూలీల ఆకలి తీర్చిన ఈ పథకాన్ని తక్కువ చేయరాదు. 2022 మే నుండి నగరములోని 18 ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల సహాయకులకు కూడ ఈ భోజనము దొరికినది. 2025లో ఈ కేంద్రాలు ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారి అల్పాహారము కూడ చేరినది. పళ్ళెములోని నిష్పత్తి మాత్రము రేషను దుకాణపు నిష్పత్తియే.

మధురానగర్, ఎర్రగడ్డ పరిసరాలు

చీటీ పథకానికి కావలసిన అంగాలన్నియు ఒకే చోట ఎలా ఉండవచ్చునో చూచుటకు హైదరాబాదులో మధురానగర్ పరిసరాలు మంచి ఉదాహరణ. అమీర్‌పేట, యూసఫ్‌గూడల మధ్యనున్న ఈ మధ్యతరగతి కాలనీకి ఒకవైపు జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్, మరొకవైపు ఎర్రగడ్డ. ప్రక్కనే ఉన్న కృష్ణానగర్ తెలుగు చిత్ర పరిశ్రమలోని జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ఇతర దినవేతన కార్మికుల నివాసముగా పేరుపొందినది. షూటింగు ఉంటేనే బత్తా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన షూటింగులు ఆగినపుడు, చిరంజీవి నాయకత్వములో ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ ఈ కార్మికుల ఇళ్ళకు నిత్యావసర సరకులు పంపినది. తారల భవనాలకు కూతవేటు దూరములో తిండి భద్రత ఎంత పలుచనిదో ఆ రోజులు చూపినవి.

ఇక్కడికి కొద్ది కిలోమీటర్లలోనే ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. 2018 ఏప్రిల్ నుండి నగరములో ఏర్పడిన బస్తీ దవాఖానాలలో వైద్యుడు, ఉచిత మందులు, పరీక్షలు పేదపేటలకు చేరువైనవి. ఎర్రగడ్డలోనే రైతు బజారు కలదు. చంద్రబాబు నాయుడు ప్రభుత్వము 1999 జనవరి 26న ప్రారంభించిన రైతు బజార్ల విధానములో దళారులు ఉండరు. గుర్తింపు కార్డు గల రైతు స్వయముగా అమ్ముతాడు. ధరను టోకు ధరకంటె కొంత ఎక్కువగా, చిల్లర ధరకంటె కొంత తక్కువగా ప్రతిరోజూ నిర్ణయించి బోర్డుపై వ్రాస్తారు. అదే సంవత్సరము నవంబరులో తమిళనాడు ప్రారంభించిన ఉళవర్ సందై కూడ ఇదే కోవలోనిది. అమెరికాలో చీటీలు చెల్లే రైతుల సంతలకు ఇంతకంటె దగ్గరి పోలిక తెలుగు నేలపై లేదు. ధర ముందే నిర్ణయమై ఉండుట వలన చీటీ చూపినవానికి ఎక్కువ ధర వేసే మోసానికి కూడ తావు తక్కువ.

వైద్యుడు ఉన్నాడు, రోగి ఉన్నాడు, రైతు ఉన్నాడు. వైద్యుని చీటీకి మందుల కౌంటరులో ఉన్న విలువ కూరగాయల బండ వద్ద లేదు. క్షయ రోగి ఖాతాలో పడే వెయ్యి రూపాయలు బజారుకే వెళ్ళవచ్చును, అద్దెకో అప్పుకో కూడ వెళ్ళవచ్చును. నగదు మేలా, చీటీ మేలా అన్న చర్చ ఇక్కడనే పుడుతుంది. నగదు రోగి స్వేచ్ఛను గౌరవిస్తుంది. అయితే 2023 జూలైలో వలె టమాటా కిలో వంద రూపాయలు దాటినపుడు దాని విలువ కరిగిపోతుంది. రూపాయలకు బదులు కిలోలలో వ్రాసిన చీటీకి ఆ భయము లేదు, ఆ భారము ప్రభుత్వముపై పడుతుంది. చీటీకి మరొక ఇబ్బంది ఉన్నది. పేదవాడినని నలుగురిలో కాగితము చూపవలసి వచ్చుట కొందరికి నామోషీ. అందుకే అమెరికాలో పలు పథకాలు కాగితపు కూపను వదలి, సాధారణ బ్యాంకు కార్డువలె కనబడే కార్డుకు మారినవి. ఇక ఎర్రగడ్డ బజారులో సరకు ఉదయము తాజాగా, చౌకగా దొరుకుతుంది. కూలికి, షూటింగుకు తెల్లవారుజామునే వెళ్ళేవారు తిరిగి వచ్చేసరికి మిగిలేది వాడిన ఆకుకూరయే.